కాళ్లకే కాదు, తలకీ ప్రాక్టీస్ కావాలి



ఫుట్‌బాల్ ఆడే మన పిల్లల్ని ఎవరు మెచ్చుకున్నా ఒకటే మాట అంటారు. "మీరు గుట్టలెక్కి దిగేవాళ్లు, మీకు స్టామినా పుట్టుకతోనే వస్తది." వినడానికి బాగానే ఉంటది. కానీ ఆ మెప్పులో మన కాళ్లే ఉంటాయి, తల ఉండదు. నిబ్బరం, ఆలోచన వేరేవాళ్ల సొత్తు అన్నట్టు. మనమూ అదే నమ్మి, తెల్లారకముందే లేచి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తుతాం. మనసుకి మాత్రం ఒక్క పూట కూడా పని చెప్పం. హాస్టల్ టీమ్‌లో మూడేళ్లుగా ఆడుతూ నాకు అర్థమైంది ఒకటే: నిబ్బరం కూడా నేర్చుకుంటేనే వస్తది.

పెనాల్టీ కిక్ చూడండి. బంతికి, గోల్‌కి మధ్య 11 మీటర్లు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఈ కొలతలు ప్రాక్టీస్‌లోనూ అవే, ఫైనల్లోనూ అవే. సాయంత్రం చెప్పుల్లేకుండా వరసగా గోల్స్ కొట్టే పిల్లాడికి మ్యాచ్‌లో కాలు కర్రలా బిగుసుకుపోతది. ఆటొచ్చినవాడు ఆట మర్చిపోలేదు. "పోతే ఏమంటారో" అన్న భయం కాలి మీద కూర్చుంది, అంతే.

నార్వేకి చెందిన గైర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ పెద్ద టోర్నమెంట్ల పెనాల్టీ షూటౌట్ల వీడియోలు ఏళ్ల తరబడి పరిశీలించాడు. రిఫరీ విజిల్ పడీ పడగానే తన్నేసేవాళ్లు ఎక్కువగా మిస్ చేస్తున్నారని తేలింది. భయంగా ఉన్నప్పుడు మనిషికి ఆ క్షణం ఎప్పుడు అయిపోతదా అనిపిస్తది కదా, ఆ తొందర అది. అలా తొందరపడేవాళ్లలో ఇంగ్లాండ్ ఆటగాళ్లు ముందుండేవాళ్లు. 1990, 1998, 2006 ప్రపంచ కప్పుల్లో మూడుసార్లూ షూటౌట్‌లోనే ఓడి ఇంటికి పోయారు.

1996 యూరో సెమీఫైనల్లో పెనాల్టీ మిస్ చేసిన గారెత్ సౌత్‌గేట్, తర్వాత ఆ జట్టుకే మేనేజర్ అయ్యాడు. షూటౌట్ అంటే అదృష్టం అనే మాట పక్కన పెట్టించాడు. నెలల ముందు నుంచే పెనాల్టీలు ప్రాక్టీస్ చేయించాడు. జట్టుతో పాటు ఒక సైకాలజిస్టు పనిచేసింది. బంతి దగ్గర తొందరపడకుండా నిలబడటం నేర్పారు. 2018లో కొలంబియా మీద గెలిచి, ప్రపంచ కప్పులో ఇంగ్లాండ్ మొదటిసారి షూటౌట్ దాటింది.

ఇక్కడితో కథ అయిపోతే నేను ఈ పోస్ట్ రాసేవాణ్ని కాదు. 2021 జులై 11న యూరో ఫైనల్లో ఇంగ్లాండ్ షూటౌట్‌లోనే ఇటలీ చేతిలో ఓడింది. మిస్ చేసిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు. చివరి కిక్ బుకాయో సాకాది. తల్లిదండ్రులు నైజీరియా వాళ్లు, అప్పటికి అతని వయసు 19. ఆ రాత్రే ఫోన్ల నిండా జాతిని తిట్టే మెసేజ్‌లు. చూశారా, గెలిస్తే దేశం బిడ్డ, పోతే రంగు గుర్తొస్తది.

ఇది మనకి కొత్త కాదు. కిందటేడు ఒక మ్యాచ్‌లో మా జూనియర్ తమ్ముడు పెనాల్టీ బయటికి కొట్టాడు. గట్టు మీద నుంచి "అడివోళ్లకి ఫుట్‌బాల్ ఎందుకురా" అని అరిచారు. వేరే పిల్లాడు మిస్ చేస్తే వాడొక్కడే మిస్ చేసినట్టు. మనోడు మిస్ చేస్తే జాతి మొత్తం మిస్ చేసినట్టు. ఆ బరువు మోస్తూ తన్నే పెనాల్టీ దూరం 11 మీటర్లు కాదు తమ్ముళ్లూ, ఇంకా చాలా ఎక్కువ. అందుకే మనకి ఈ ట్రైనింగ్ అందరికంటే ఎక్కువ అవసరం.

సాకాని అతని క్లబ్బు ఒంటరిగా వదల్లేదు. అభిమానులు రాసిన ఉత్తరాలు ఒక గోడ నిండా అంటించి చూపించారు. 2024 యూరో క్వార్టర్ ఫైనల్లో స్విట్జర్లాండ్ మీద ఓడిపోతున్న జట్టుకి 80వ నిమిషంలో గోల్ కొట్టింది సాకానే. తర్వాత షూటౌట్‌లో మళ్లీ బంతి దగ్గరికి నడిచాడు, కొట్టాడు. ఇంగ్లాండ్ గెలిచింది.

మా తమ్ముడు రెండు వారాలు గ్రౌండ్‌కి రాలేదు. మాకు సైకాలజిస్టు ఎక్కడ దొరుకుతాడు? మేమే నలుగురం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రాక్టీస్ అయిపోయి అందరూ అలిసిపోయాకే పెనాల్టీలు. సెంటర్ సర్కిల్ నుంచి ఒక్కడే నడుచుకుంటూ రావాలి. మిగతావాళ్లం పళ్లాలు కొట్టి గోల చేస్తాం. బంతి పెట్టాక ఎటు కొట్టాలో ముందే అనుకోవాలి, మధ్యలో మార్చకూడదు. విజిల్ పడ్డాక ఒకసారి నిదానంగా ఊపిరి వదలాలి. మనసులో ఒక మాట అనుకోవాలి. నాది కోయ మాట, అది ఇక్కడ రాయను. అప్పుడే తన్నాలి. పోతే ఇద్దరు ఎదురెళ్లి భుజం మీద చెయ్యి వేసి తీసుకురావాలి. ఇది కూడా ప్రాక్టీస్‌లో భాగమే, దయ చూపించడం కాదు.

మొన్నటి మ్యాచ్‌లో మాకు పెనాల్టీ రాలేదు. కానీ దిగేముందు ఆ తమ్ముడే అన్నాడు, "అన్నా, వస్తే నేనే తంతా" అని. నాకు గోల్ కంటే అదే పెద్దది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. వైవాలో ప్రశ్న పడగానే గొంతు ఎండిపోవడం నాకు తెలుసు. జవాబు వచ్చు, నోరు రాదు. ఇప్పుడు అక్కడా అదే చేస్తున్నా: ఊపిరి వదలడం, నా మాట అనుకోవడం, తర్వాత నోరు తెరవడం. రేపు ఇంటర్వ్యూల్లో మన పిల్లలు కూర్చునే కుర్చీ కూడా పెనాల్టీ స్పాట్ లాంటిదే.

మీ హాస్టల్ గ్రౌండ్‌లో కూడా రేపటి నుంచి ఆఖరి పది నిమిషాలు దీనికి ఇవ్వండి. బంతి ఒకటి, ఎదురెళ్లేవాళ్లు ఇద్దరు ఉంటే చాలు.