సూస్‌లో బస

ట్యునీషియా సముద్రతీరంలో సెలవులు గడపదలచిన వారికి మొదటి చిక్కు బస. సూస్ నగరానికి ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, 1979లో విహారయాత్రికుల కొరకే నిర్మించిన ఎల్ కంతావి రేవు ఉన్నది. భోజనము, ఈతకొలను, ఇసుకతీరము – సమస్తమూ హోటలు చెంతనే. పసిపిల్లలు గలవారికి అంతకన్న సుఖం లేదు. అయినను, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో పోయే అధ్యాపకుడు ఆ ప్రహరీలోపలి దేశాన్ని మాత్రమే చూసి రావడమా? నా మనస్సు సూస్ పాత నగరం వైపే మొగ్గింది.

అమ్మగారికి మోకాళ్ల నొప్పి. పాత నగరం కస్బా కోట వైపు మెట్టగా లేస్తుంది. అందుచేత పల్లపు భాగాన, 851 నాటి పెద్ద మసీదు సమీపంలో బస కుదుర్చుకొన్నాము. బూ జాఫర్ తీరం అక్కడికి నడకదూరమే. గది ఇరుకు, కిటికీలోనుండి సముద్రం కనబడదు. ఉదయం రొట్టె కావాలంటే ఊరివారితో కలిసి అంగడిలో నిలబడవలసిందే. అమ్మగారికి అదే నచ్చింది. పిల్లలు మాత్రం ఈతకొలను మాట నేటికీ ఎత్తుతూనే ఉన్నారు.