కొలత గిన్నె

క్రిందటి సంక్రాంతి పిమ్మట మా తండ్రిగారికి మధుమేహమని వైద్యులు నిర్ణయించిరి. పరగడుపున రక్తములో చక్కెర డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములైనను, అంతకు మించినను మధుమేహముగా నెంచుదురు. వారికి రెండు పరీక్షలందును 190 దాటెను.

మిఠాయిలు మానుట కష్టమని తలచితిమి. అది సులభముగనే జరిగెను. చిక్కంతయు అన్నముకడ వచ్చినది. మా యమ్మకు కొసరి వడ్డించుటయే యాదరము. ఇప్పుడు చిన్నగిన్నెతో కొలిచి పెట్టవలెను. మొదటివార మామె యా గిన్నెను చూచి కన్నీరు పెట్టుకొనెను. రాగిసంకటి యెంత తినినను దోషము లేదని యిరుగుపొరుగువా రనిరి. రాగులును పిండిపదార్థమే గదా! కొలత దానికిని తప్పదు.

ఇన్సులిను 1921లో టొరంటో నగరమున కనుగొనబడెను. అంతకుముందు తీవ్రరోగులకు ఉపవాసమువంటి పథ్యమే చికిత్స. మాత్రలైనను లేని యా కాలమును తలచి, మా తండ్రిగారు తమ మాత్రలను విసుగక మ్రింగుచున్నారు. మూడు మాసముల సగటును దెలుపు పరీక్షలో మొదట 9.1 శాతము వచ్చెను, ఇటీవల 7.2కు దిగినది.

నడచునపుడు కండరములు చక్కెరను వాడుకొనునట. రాత్రి భోజనానంతరము మేమందఱము వారితో చెరువుగట్టువరకు పోవుచున్నాము. అమ్మయు వచ్చుచున్నది. తన యన్నమును గూడ నామె యా గిన్నెతోనే కొలుచుకొనుచున్నది.