యథాశక్తి: పరీక్షాస్థాయి నిర్ణయంలో ఒక ధర్మవిచారణ



నిత్యపూజాసంకల్పంలో దేశకాలములను, గోత్రనామములను చెప్పుకున్న తరువాత "యథాశక్తి" అనే పదం వస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా అర్చకత్వంలో ఉన్న నేను ఆ పదాన్ని రోజుకు ఎన్ని పర్యాయాలు ఉచ్చరిస్తానో లెక్క లేదు. "ఏదో మా చేతనైనంత" అనే వినయోక్తిగా చాలామంది దానిని గ్రహిస్తారు. వ్యాకరణం చెప్పే అర్థం అంతకంటే నిశితమైనది. అది అవ్యయీభావ సమాసం. శక్తిని అతిక్రమించకుండా అని విగ్రహవాక్యార్థం. శక్తిని మించి పోరాదన్నది స్పష్టమే. ఇక శక్తి ఉండగా దాచుకొనవచ్చునా? ఎంత శక్తియో అంత అని సంకల్పించినవానికి ఆ వెసులుబాటు కూడా లేదు.

గత భాద్రపదంలో ఈ పదార్థవిచారణ ఒక లౌకిక విషయంలో అవసరమైంది. మా చెల్లెలి కుమారుడు భాగ్యనగరంలో సీబీఎస్‌ఈ పాఠశాలలో పదవ తరగతి చదువుతున్నాడు. ఆ బోర్డువారు 2020 పరీక్షల నుండి పదవ తరగతి గణితంలో రెండు స్థాయిలు ఏర్పరచారు: స్టాండర్డ్, బేసిక్. పాఠ్యప్రణాళిక రెంటికీ ఒక్కటే. పాఠశాలలో వేసే 20 అంతర్గత మార్కుల విధానమూ ఒక్కటే. 80 మార్కుల బోర్డు ప్రశ్నపత్రం మాత్రమే భిన్నం. బేసిక్‌లో ప్రశ్నలు సులభతరములు. పరీక్షార్థుల జాబితాను పాఠశాల బోర్డుకు పంపే నాటికి విద్యార్థి ఏదో ఒకటి కోరుకోవాలి. పై తరగతులలో గణితం చదవదలచినవారికి స్టాండర్డ్, అక్కడితో చాలించేవారికి బేసిక్ అన్నది మూలోద్దేశం. బేసిక్ రాసినవాడు పదకొండులో గణితం కోరితే కంపార్ట్‌మెంట్ పరీక్షలో స్టాండర్డ్ ఉత్తీర్ణుడు కావాలని మొదట నియమం పెట్టారు. తరువాతి సంవత్సరాలలో కొన్ని సడలింపులిచ్చారు.

పిల్లవాడు మొదట స్టాండర్డ్ కోరుకున్నాడు. త్రైమాసిక పరీక్షలో మార్కులు బాగా తగ్గాయి. బేసిక్‌కు మార్చుకొమ్మని ఉపాధ్యాయుడు సూచించాడు. తండ్రికి అది తలవంపుగా తోచింది. వాదోపవాదాలతో ఇంట్లో భోజనాలు కూడా మౌనంగా సాగాయట. చివరకు ఇద్దరూ మా గోదావరీతీర గ్రామానికి వచ్చారు. "బావగారూ! స్వామి సన్నిధిలో చీట్లు వేయండి. ఏది వస్తే అదే ఖాయం" అన్నాడు తండ్రి.

నేను అంగీకరించలేదు. శాస్త్రమూ, యుక్తీ రెండూ ఇక చెప్పలేమన్న చోట దైవాన్ని అడగడంలో దోషం లేదు. ఇక్కడ యుక్తికి చేయవలసిన పని ఇంకా మిగిలి ఉంది. స్వామి అనుగ్రహించిన బుద్ధిని వాడకుండా స్వామినే నిర్ణయించమనడం భక్తి అనిపించుకోదు. పైగా రేపు మార్కులు తగ్గితే ఆ నింద చీటీ మీదకు, చీటీ తీసిన స్వామి మీదకు పోతుంది.

ధర్మశాస్త్రములు ముఖ్యకల్పమని, అనుకల్పమని రెండు విధులు చెబుతాయి. ముఖ్యకల్పం ప్రధానవిధి, అశక్తునికి, ఆపన్నునికి విధించినది అనుకల్పం. ముఖ్యానికి సమర్థుడై ఉండి అనుకల్పాన్ని ఆశ్రయించినవానికి ఫలం లేదని స్మృతికారుల నిర్ణయం. అసమర్థుడు అనుకల్పం ఆచరిస్తే న్యూనత ఏమీ లేదు. కనుక ప్రశ్న "ఏది గొప్పది?" అన్నది కాదు, "ఈ కర్తకు దేనియందు అధికారం?" అన్నది. అధికారమంటే అర్థిత్వం, సామర్థ్యం. కోరిక ఉన్నదా, శక్తి ఉన్నదా అన్న రెండింటినీ పరీక్షించాలి.

తండ్రికి నా సంగతే చెప్పాను. మా పాఠశాలలో తైత్తిరీయ సంహితలోని 7 కాండలు, 44 ప్రశ్నలు సంతలు చెప్పుకొని, పనసలు వల్లించి, పదమూ క్రమమూ పూర్తి చేశాక దారి రెండుగా చీలేది. క్రమంలో ఒకటి-రెండు, రెండు-మూడు అని పదాలు జంటలుగా నడుస్తాయి. ఘనలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు. మూడు పదాలకు పదమూడు ఉచ్చారణలు. దానికి మరికొన్నేళ్ల అనన్యశ్రమ కావాలి. నా సహాధ్యాయి ఘనకు వెళ్లాడు. మా తండ్రిగారికి కంటిచూపు మందగించి ఆలయకైంకర్యం నిలిచిపోయే స్థితి రాగా, గురువుగారి అనుమతితో నేను క్రమాంతంతో ఇంటికి వచ్చాను. ఈనాటికీ వేదసభలో ఆయన ముందు వరుసలోనూ, నేను వెనుక వరుసలోనూ కూర్చుంటాం. ఆ రెండు వరుసల మధ్య నాకెన్నడూ అవమానం కనిపించలేదు.

తరువాత పిల్లవాణ్ణి ఒంటరిగా మండపంలో కూర్చోబెట్టుకొని అడిగాను: "నాయనా! నీవు ఏ స్థాయి రాశావో మీ నాన్నకుగాని, స్నేహితులకుగాని ఎన్నటికీ తెలియదనుకో. అప్పుడు ఏది రాస్తావు?"

చాలాసేపు నేల చూపులు చూశాడు. "స్టాండర్డే, మామయ్యా. నాకు వంతెనలు కట్టే చదువు చదవాలని ఉంది. కానీ తప్పితే నాన్న మొహం చూడలేను" అన్నాడు.

అర్థిత్వం తేలింది. ఇక సామర్థ్యం. బోర్డువారు రెండు స్థాయిలకూ మాదిరి ప్రశ్నపత్రాలు ప్రకటిస్తారు. రెండింటినీ రెండు దినములలో, మూడేసి గంటలు, ఎవరి సహాయమూ లేకుండా రాయమన్నాను. నాకు ఆ గణితం రాదు; మా ఊరి ఉపాధ్యాయుడొకరు దిద్దిపెట్టారు. బేసిక్ పత్రం సునాయాసంగా రాశాడు. స్టాండర్డ్‌లో పోయిన మార్కులను లెక్కిస్తే తప్పు చేసినవి కొన్నే. అసలు ముట్టకుండా వదిలినవే ఎక్కువ. పొడవైన ప్రశ్న కనబడగానే పుట తిప్పేశాడు. వాటినే మరునాడు ఒక్కొక్కటిగా ముందుంచితే సగానికి పైగా సాధించాడు. అతనికి లోపించినది శక్తి కాదు, ధైర్యం. భయాన్ని అశక్తి అని నమ్మి అనుకల్పానికి దిగబోయాడు.

స్టాండర్డ్‌లోనే ఉంటానని నిర్ణయించుకున్నది పిల్లవాడే. తండ్రికి నేను ఒక్క నియమం పెట్టాను: ఫలితం వచ్చిన రోజున మార్కులు అడగడానికి ముందు పిల్లవాణ్ణి భోజనానికి పిలవాలి. ఆయన కళ్లు చెమర్చాయి, సరేనన్నాడు. పరీక్షలు ఇంకా రావలసి ఉన్నాయి. ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలియదు. తెలియవలసిన పనీ లేదు.

ఈ విచారణలోనే మరొక పిల్లవాడు, గణితమందు అర్థిత్వం లేక సంగీతానికో, చరిత్రకో తన దినములను వినియోగించదలచినవాడు, బేసిక్ కోరుకుంటే నేను అంతే సంతోషంతో ఆశీర్వదిస్తాను. వానికి అదే ముఖ్యకల్పం.

సాధకులమైన మనకూ ఇది వర్తిస్తుంది. "కలియుగంలో నామస్మరణ చాలు కదా" అనేవారిలో నామమందు నిజమైన రుచి కలిగినవారున్నారు. ఉపనిషత్తు తెరవడానికి జంకి ఆ మాట చాటున నిలిచినవారూ ఉన్నారు. పెదవుల మీద మాట ఒక్కటే, లోపలి కారణములు వేరు. రేపు సంకల్పంలో "యథాశక్తి" అన్న పదం నోట వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ కారణం ఏదో తమలో తామే విచారించుకొనవలసినదిగా ప్రార్థన.

స్వస్తి.