నచికేతుని మొదటి వరం

కృష్ణయజుర్వేదానికి చెందిన కఠోపనిషత్తు పేరు వినగానే సాధకుల మనస్సు ఆత్మవిద్యను అడిగిన మూడవ వరం వైపు పరుగెత్తుతుంది. కాని నచికేతుడు కోరిన మొదటి వరం పిల్లలున్న ప్రతి గృహస్థుడూ మననం చేయదగినది.

వాజశ్రవసుడు సర్వస్వదక్షిణతో యాగం చేస్తూ, పాలు వట్టిపోయిన ముసలి గోవులను దానమిస్తున్నాడు. అది చూచిన కుమారునిలో శ్రద్ధ ప్రవేశించింది. తండ్రికి దోషం అంటరాదన్న తపనతో, తనను ఎవరికిస్తావని ముమ్మారు అడిగాడు. తండ్రికి అది ధిక్కారంగా తోచింది. మృత్యువుకిస్తానన్నాడు.

కౌమారంలో ఉన్నవారి ప్రశ్న తరచుగా ఇటువంటిదే. ఇంట్లో చెప్పే ధర్మానికీ, చేసే పనికీ మధ్యనున్న దూరం మొదట వారి కంటనే పడుతుంది. అసత్యమాడరాదని బోధించే తండ్రి, ఫోను మోగగానే తాను ఇంట్లో లేనని చెప్పమంటే పిల్లవాడు అడగక మానడు. ఎదురు మాట్లాడుతున్నావా అని గద్దిస్తే ప్రశ్నతోపాటు శ్రద్ధ కూడా అణగిపోతుంది. ఇంటర్మీడియెట్ ఫలితాల నాడు కోపంతో "నా కళ్ల ఎదుట ఉండకు" అన్న మాటను తండ్రి మరునాటికి మరచిపోవచ్చు. కుమారుడు దానిని నిజమైన ఆజ్ఞగా గ్రహించవచ్చు. నచికేతుడు అలాగే గ్రహించి యమసదనానికి వెళ్లాడు.

అక్కడ మూడు రాత్రులు నిరాహారంగా నిరీక్షించాడు. తిరిగివచ్చిన యమధర్మరాజు ఆ బాలునికి నమస్కరించి, అతిథి విషయంలో జరిగిన లోపానికి పరిహారంగా రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. బాలుని ఎదుట లోపాన్ని అంగీకరించినందువల్ల ఆయన పెద్దరికం తగ్గలేదు.

అప్పుడు నచికేతుడు తండ్రి కోపం శాంతించాలనీ, తాను మరలివెళ్లినప్పుడు గుర్తించి ప్రసన్నంగా పలకరించాలనీ కోరాడు. అగ్నివిద్య, ఆత్మవిద్య ఆ తరువాతివే. కఠినంగా మాట్లాడి గది తలుపు వేసుకొన్న పిల్లవాడు కూడా లోలోపల కోరేది ఆ పలకరింపునే.

కనుక తల్లిదండ్రులు పిల్లల ప్రశ్నలోని కాఠిన్యాన్ని విడిచి, విషయాన్ని వినాలి. అందులో సత్యముంటే అంగీకరించాలి. నియమం విధించవలసివస్తే కారణం చెప్పాలి. మాట జారితే రాత్రి గడవకముందే తామే వెళ్లి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టాలి. నచికేతుడు ప్రశ్నించాడే గాని తండ్రిని నిందించలేదన్నది యువతీయువకులు గ్రహించవలసిన విషయం.

యముడు అనుగ్రహించిన ఆ వరంలో, తండ్రి ఇక రాత్రులు సుఖంగా నిద్రిస్తాడన్న మాట కూడా ఉన్నది. బిడ్డపై కోపించిన తండ్రికీ నిద్ర ఉండదని శ్రుతి ఎరుగును.