తుక్కులో చిక్కిన శక్తిమాన్‌

జబల్‌పూర్‌ అనగానే గుర్తొచ్చేది నర్మదా తీరం. భేడాఘాట్‌లో పాలరాతి కొండల మధ్య పడవ షికారు, పొగలా తుంపరలు ఎగజిమ్మే ధువాధార్‌ జలపాతం... చాలామంది పర్యటకులు అవి చూసి తిరుగు రైలెక్కేస్తారు. కానీ ఈ ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది. దశాబ్దాలపాటు మన సైన్యానికి బండ్లు తయారుచేసి ఇచ్చిన ఊరిది!

ఫిరంగులను మోసే బళ్ల కోసం 1904లో ఇక్కడ గన్‌ క్యారేజ్‌ ఫ్యాక్టరీ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో సైన్యం రెండో ప్రపంచయుద్ధం నాటి పాత వాహనాలతోనే నెట్టుకొచ్చేది. ఆ ఇబ్బంది తీర్చడానికి పశ్చిమ జర్మనీకి చెందిన ‘మాన్‌’ కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని, 1959లో ఈ ఫ్యాక్టరీ ‘శక్తిమాన్‌’ లారీని బయటకు తెచ్చింది. నాలుగు చక్రాలూ ఇంజిన్‌ బలంతో తిరుగుతాయి కాబట్టి బురదైనా ఇసుకైనా కొండదారైనా లాక్కెళ్లిపోయేది. 1965, 1971 యుద్ధాల్లో జవాన్లనూ సామగ్రినీ మోసింది ఈ బండే.

తర్వాత నిస్సాన్‌ పరిజ్ఞానంతో ‘జోంగా’ వచ్చింది. ఇదేదో జపాను పేరనుకుంటే పొరపాటే. జబల్‌పూర్‌ ఆర్డ్‌నెన్స్‌ అండ్‌ గన్‌ క్యారేజ్‌ అసెంబ్లీ... ఆ మాటల్లోని అక్షరాలతో కూర్చిన పేరే జోంగా. 1969లో వెహికల్‌ ఫ్యాక్టరీ వచ్చాక ఈ బండ్ల తయారీ అక్కడికి మారింది. 1990ల్లో శక్తిమాన్‌, జోంగా రెండూ ఆగిపోయాయి. స్టాలియన్‌, టాటా ట్రక్కులు వాటి చోటు తీసుకున్నాయి.

మరి పాతవన్నీ ఏమయ్యాయి? మరమ్మతు ఖర్చు గిట్టుబాటు కాదని తేలిన బండిని సైన్యం పక్కన పెట్టేస్తుంది. ప్రభుత్వరంగ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్‌ వేలం జరుగుతుంది. చాలావరకు లాట్ల లెక్కన తుక్కు వ్యాపారుల చేతికి వెళ్తాయి. అక్కడ బండి చరిత్రతో పని లేదు, ఇనుము ఎన్ని కిలోలన్నదే లెక్క. గ్యాస్‌ కట్టర్‌ వెలిగేలోపు ఎవరైనా వచ్చి అడిగితేనే దానికి బతుకు.

అలా కాపాడాలనుకునేవాళ్లు ముందు చూసేది రంగూ రేకూ కాదు. తొట్టి తుప్పు పట్టినా కొత్తది కట్టించుకోవచ్చు. ఛాసిస్‌ వంగిందా, ఇంజిన్‌ బ్లాక్‌ పగిలిందా, గేర్‌బాక్స్‌ ఉందా అన్నవే అసలు ప్రశ్నలు. ఎందుకంటే విడిభాగాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఒక బండి లేచి నిలబడాలంటే తుక్కులో ఉన్న మరో బండి విప్పాల్సిందే! ఇంకో చిక్కు కాగితాలది. సైన్యం వదిలేసినట్టు పత్రాలు లేకపోతే రవాణాశాఖ రిజిస్ట్రేషన్‌ ఇవ్వదు. ఎంత కష్టపడి బాగుచేసినా అది పెరట్లో బొమ్మగా మిగిలిపోతుంది.

ఇన్ని తిప్పలున్నా మోజు తగ్గలేదు. 2019లో క్రికెటర్‌ ధోనీ రాంచీ వీధుల్లో ఆకుపచ్చ జోంగా నడుపుతూ కనిపించాక దాని పేరు కొత్తతరానికీ తెలిసింది. సుమారు 4 లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌ దానిది. పెట్రోలు తాగడంలో దానికదే సాటి!

జోంగా లాంటి జీపులకు ఇలా ఆదరణ దొరుకుతోంది. పెద్ద లారీకే దిక్కులేదు. యుద్ధంలో పేల్చిన ట్యాంకు కూడలిలో దిమ్మె మీదకెక్కుతుంది. విశాఖ తీరంలో కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా నిలిచింది. ఆ పక్కనే టీయూ-142 విమానమూ కొలువుదీరింది. జవాన్లకు తిండీ తూటాలూ మోసిన లారీ మాత్రం కిలోల లెక్కన కరిగిపోతోంది. ఎక్కడ చూసినా అవే కనిపించిన రోజుల్లో ఒక్కటైనా దాచాలని ఎవరికి తోస్తుంది?

సికింద్రాబాద్‌ నుంచి దానాపూర్‌ ఎక్స్‌ప్రెస్‌లో జబల్‌పూర్‌ చేరుకోవచ్చు. ఫ్యాక్టరీలను మాత్రం బయటి నుంచి చూడాల్సిందే. అంతదూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. మీ ఊరి తుక్కు దుకాణంలో వెలిసిన ఆకుపచ్చ బండి ఎప్పుడైనా కంటపడితే కాస్త ఆగి నంబరు చూడండి. పైకి చూపే బాణం గుర్తు, దాని పక్కన రెండంకెలు ఉంటే అది సైన్యం బండి. ఆ రెండంకెలూ అది కొలువులో చేరిన సంవత్సరం!