గరిక కింది నేల

కువైట్‌లో పచ్చిక పెంచడమంటే మాటలు కాదు. నది లేదు, చెరువు లేదు. ఏడాది మొత్తం కలిపినా వాన నాలుగైదు అంగుళాలే. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. 1953లో సముద్రపు నీటిని మంచినీరు చేసే సర్కారు ప్లాంటు రాకముందు, పొరుగున ఉన్న షత్ అల్-అరబ్ నది నుంచి పడవల మీద నీళ్లు తెచ్చుకుని తాగిన దేశమిది. అలాంటి చోట విల్లా గోడ పక్కన నాలుగు గజాల పచ్చిక కనబడితే నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. దాని వెనక ఎంత కష్టముందో తెలుసు. ఆ కష్టం కొన్నిచోట్ల మన రాయచోటి వాళ్లదీ, రాజంపేట వాళ్లదీ.

ఇక్కడి లాన్లలో బాగా కనిపించే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయకచవితి పూజలో పెట్టేదీ, చేలో మొలిస్తే వేళ్లతో సహా పెరికి గట్టున పారేసేదీ ఇదే. ఊళ్లో దాన్ని వదిలించుకోలేక అవస్థపడ్డ రైతుకు దాని బలమెక్కడుందో బాగా తెలుసు. నేల మీద ఒక కాడ పాకుతుంది, నేలలోపల ఇంకొకటి పాకుతుంది.

లాన్‌కు చేటు వచ్చేదీ ఆ కాడల వల్లే. యూరియా దండిగా చల్లి రోజూ పైపైన తడుపుతుంటే కాడ మీద కాడ అల్లుకుంటుంది. పాతవి చచ్చినా తొందరగా కుళ్లవు. ఆకుపచ్చకూ మట్టికీ నడుమ తుక్కు పొర పేరుకుంటుంది. కోసిన గడ్డి అక్కడే వదిలేయడం వల్ల ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు. ఆకు ముక్కల్లో ఉండేది చాలావరకు నీళ్లే, అవి త్వరగా మట్టిలో కలిసిపోతాయి. అరంగుళం లోపు తుక్కు నేలకు నీడ. అంతకు మించితే నీళ్లు కిందికి దిగవు, వేళ్లు మట్టిని వదిలి తుక్కులోనే కాపురం పెడతాయి. అప్పుడు ఒక్కరోజు తడి తప్పినా గడ్డి మాడుతుంది.

ఇక్కడి మిష్రిఫ్‌లో ఒక ఇంటి తోట చూసే రాయచోటి పెద్దాయన ఆ పచ్చికను కత్తితో జున్నుముక్కలా కోసి నా చేతిలో పెట్టాడు. పైన పచ్చదనం, దాని కింద వేలెడు మందాన నొక్కితే లేచే గోధుమరంగు తుక్కు, దాని కింద తెల్లటి ఉప్పు చార. తర్వాత స్క్రూడ్రైవర్ తీసి గోడవార గుచ్చితే పిడిదాకా దిగింది. చలికాలం శుక్రవారాల్లో కుర్చీలు వేసే, పిల్లలు బంతాట ఆడే చోట రెండంగుళాలకే ఆగిపోయింది. "నీళ్లు ఎన్ని పోస్తే ఏం సార్, ముందు నేల గుల్ల కావల్ల" అన్నాడు.

ఆ తెల్ల చారే కువైట్ నేల అసలు కథ. చాలా ప్రాంతాల్లో తోటలకు వేరే లైనులో బావుల ఉప్పునీళ్లు వస్తాయి. నేల గుల్లగా ఉంటే నీళ్లతోపాటు ఉప్పూ లోతుకు దిగిపోతుంది. తొక్కుడుకు నేల బిగిసి, దుమ్ము తుఫాన్ల సన్నపొడి సందులు పూడ్చేస్తే నీళ్లు ఆవిరైపోయి ఉప్పు వేళ్ల దగ్గరే మిగులుతుంది. గడ్డి పసుపెక్కిందని ఇంకా నీళ్లు పోస్తారు. ఇంకా ఉప్పు చేరుతుంది.

విరుగుడు ఏప్రిల్‌లో మొదలవుతుంది. కుర్చీలు లోపలికి వెళతాయి, గరిక జోరుగా పెరుగుతుంది, మండే ఎండలు ఇంకా రావు. ముందురోజు తడిపి, బోలు గొట్టాల పనిముట్టుతో బెత్తెడు బెత్తెడు దూరాన రెండు మూడంగుళాల మట్టి కణికలు పెకలించాలి. ఉత్త ఫోర్కుతో పొడిస్తే మట్టి పక్కకు ఒత్తుకుపోయి ఇంకా బిగుస్తుంది. తీసిన కణికలను అక్కడే ఆరనిచ్చి చిదమాలి. ఆ మట్టిలోని సూక్ష్మజీవులే తుక్కును కుళ్లబెడతాయి. దంతెతో తుక్కు గోకి, కింద ఉన్నలాంటి ఇసుకనే పలచగా పరిచి, ఒకసారి లోతుగా తడపాలి. ఆపైన నీళ్లు అరుదుగా, దండిగా. జూలైలో మాత్రం నేల జోలికి వెళ్లకూడదు.

ఇక్కడ మంచినీళ్లు ఇంధనం కాల్చి తీసినవి, బావి నీళ్లు తోడినంత త్వరగా తిరిగి ఊరేవి కావు. బిగిసిన నేల మీద పోస్తే ఆ నీళ్లూ పోతాయి, పెద్దాయన కష్టమూ పోతుంది. లాన్ ఉన్న ఇంటివాళ్లను నేను కోరేది ఇదే: పైపు తిప్పేముందు స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. తోట చూసేవాడు నీళ్లు తగ్గిద్దామంటే వినండి. ఏప్రిల్‌లో కొన్నాళ్లు పచ్చిక మట్టిగడ్డలతో వికారంగా ఉంటే ఓర్చుకోండి. అది తెలిసినవాడు చేస్తున్న పని.