మిలిటరీ మాధవరంలో మోకాళ్ల ఫైళ్లు

తాడేపల్లిగూడెం నుంచి మాధవరం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. పశ్చిమ గోదావరిలో దీన్ని వట్టి మాధవరం అంటే ఎవరూ ఒప్పుకోరు, మిలిటరీ మాధవరం అనాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా ఇక్కణ్నుంచి వెళ్లారని ఊరివాళ్లు లెక్క చెబుతారు. పట్టాళంలో మనిషి లేని ఇల్లు ఇప్పటికీ వెతుక్కోవాలి. ఊరి యుద్ధవీరుల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వెళ్లింది మాత్రం యుద్ధం లేని రోజుల్లో అరిగిపోయిన మోకాళ్ల సంగతి వినడానికి.

రమ్మన్నది రిటైరైన సుబేదారు ఒకాయన. తోటివాళ్ల పింఛను కాగితాలు చూసిపెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన వరండాలో అప్పటికే నలుగురైదుగురు చేరారు. అందరికీ కుర్చీలే వేశారు. చాప మీద కూర్చుంటే లేవలేరు మరి.

ముందు ఒక హవల్దారు గారు ఫైలు విప్పారు. పద్దెనిమిదో ఏట చేరి 24 ఏళ్లు చేశారు, ఎక్కువ భాగం కొండల్లోనే. వీపున బరువుతో ఎక్కడం, దిగడం. సైనికుల దేహదారుఢ్యం చూసే బీపీఈటీ పరీక్షలో రైఫిల్ పట్టుకుని అయిదు కిలోమీటర్ల పరుగు. "ఎక్కేప్పుడు ఆయాసమేనండి. దిగేప్పుడే మోకాళ్ల పని అయిపోయేది" అన్నారు. చివరి ఏళ్లలో రెండు మోకాళ్లకూ ఆస్టియో ఆర్థరైటిస్ అని తేలింది, పూర్తి ఆరోగ్యం లేనివాళ్లని ఉంచే 'లో మెడికల్ కేటగిరీ'లో పెట్టారు. ఇంటికి పంపే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యం 20 శాతం అని, అది జీవితాంతం ఉంటుందని రాసింది. అదే కాగితంలో ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని కొట్టేసింది. ఎందుకు కాదో చెప్పాల్సిన చోట ఒక్కటే మాట: వయసుతో వచ్చే అరుగుదల.

"చేర్చుకునేప్పుడు మోకాళ్లు వంచి చూసింది వాళ్లే కదండీ. బాగున్నాయనే రాసుకున్నారు. నలభై రెండేళ్లకే నేను ముసలాణ్ని అయిపోయానా?" అని అడిగారాయన.

డబ్బు లెక్క సుబేదారు గారు విడమరిచారు. డిసెబిలిటీ పింఛను రావాలంటే రెండూ ఉండాలి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, దానికి సర్వీసుతో సంబంధం తేలాలి. రెండోది తప్పితే మొదటిది ఎంతున్నా సున్నాయే. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆ లెక్కన 20 శాతానికి వచ్చేది ఆరు. అయితే 50 శాతం లోపు ఉన్నదాన్ని 50గా లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. బోర్డు బలవంతాన పంపినవాళ్లకే కాదు, సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ హవల్దారుకు ఆఖరి జీతంలో 15 శాతం, బతికున్నంత కాలం. అదంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

రికార్డు ఆఫీసు నుంచి తిరస్కరణ ఉత్తరం వచ్చాక మొదటి అప్పీలు, అదీ కాదంటే రెండో అప్పీలు. రెండూ అయ్యాక సాయుధ దళాల ట్రైబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రైబ్యునల్‌లో న్యాయమూర్తి పక్కన సైన్యంలో పెద్ద హోదాలో చేసి రిటైరైన అధికారి కూడా కూర్చుంటారు. ఆంధ్ర, తెలంగాణ వాళ్ల కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి. మెట్టుమెట్టుకీ ఆరు నెలల గడువు. చాలామంది మొదటి ఉత్తరం దగ్గరే ఆగిపోతారని సుబేదారు గారి బాధ.

ఆ వరండాలో ఎక్కువసార్లు వినబడిన పేరు ధరమ్‌వీర్ సింగ్. 2013 జులైలో ఆ మాజీ సైనికుడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సూటిగా ఉంది. చేరేనాటి కాగితాల్లో జబ్బు ఊసు లేకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. జబ్బుకూ సర్వీసుకూ సంబంధం ఉందని రుజువు చేసే భారం సైనికుడి మీద లేదు. కాదనే బోర్డు కారణం రాయాలి.

ఒక గుమాస్తా గారికి వచ్చిన తిరస్కరణలో ఉన్న కారణం వేరు: పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకు దూరంగా ప్రశాంతమైన చోట ఉండగా జబ్బు బయటపడింది. ఆ ఒక్క కారణంతో కాదనడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2025లో చెప్పింది.

కీళ్ల జబ్బులన్నీ పట్టాళం ఇచ్చినవేనని నేను అనను. వంశంలో ఉన్నవి ఉంటాయి, ఒంటి బరువుతో వచ్చేవి ఉంటాయి. కాదనే హక్కు డాక్టర్లకు ఉంది. ఎందుకు కాదో నాలుగు వాక్యాలు రాసే బాధ్యతా వాళ్లదే.

మనవాళ్ల వైపూ లోపం లేకపోలేదు. "కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగిపోద్దని అయొడెక్స్ రాసుకుని పరిగెత్తేవాణ్నండి" అన్నారు ఒకాయన. ఆస్పత్రికి పోకపోతే రికార్డు ఎక్కడిది? ఇంకొకాయనకి తిరస్కరణ ఉత్తరం వచ్చి ఏళ్లు దాటాయి. ఆయన భార్య లోపలి నుంచే అందుకున్నారు: "ఇంటికొచ్చే తొందర్లో సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టేశారండీ." ఆలస్యమైనా దారి పూర్తిగా మూసుకుపోదు. పింఛను నెలనెలా నడిచే హక్కు కాబట్టి కేసు వినొచ్చని, బకాయి మాత్రం సాధారణంగా వెనక్కి మూడేళ్లకే పరిమితమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత బయటికొచ్చినవాళ్లు పాత తీర్పుల మీదే భరోసా పెట్టుకోకుండా తమకు ఏ నియమాలు వర్తిస్తాయో ముందు తెలుసుకోవాలి.

ఇలాంటి వ్యాజ్యాలు తగ్గించే దారి చెప్పమని 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ నిపుణుల కమిటీ వేశారు, నివేదికా వచ్చింది. అయినా మోకాళ్లు పనిచేయని మనిషి చెన్నై రైలెక్కుతూనే ఉన్నాడు. బోర్డు కాగితం మీదే కారణం సరిగా రాస్తే ఇందులో సగం ప్రయాణాలు తప్పుతాయి. మీ ఇంట్లో మాజీ సైనికుడుంటే ఈ వారమే ఆయన డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు బయటికి తీయండి. లేకపోతే సమాచార హక్కు కింద రికార్డు ఆఫీసును అడగండి. తిరస్కరణ ఉత్తరం ఉంటే దాని మీద తేదీ చూడండి. ఆరు నెలలు దాటకపోతే ఈరోజే అప్పీలు రాయండి, దాటినా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కండి.